ఐదో పొజిషన్‌లో గిటార్ సౌండ్ సన్నగా వస్తోంది. పికప్ పోయిందా, స్విచ్ పోయిందా?

తూరంగి తీగలు:

అందరికీ నమస్కారమండి. మాది కాకినాడ పక్కన తూరంగి. ఆదివారం ఆరాధనలో గిటార్ వాయిస్తాను. పెళ్లిళ్ల సీజన్‌లో ఒక ఆర్కెస్ట్రా వాళ్లతో కూడా వెళ్తుంటాను. నాది ఎలక్ట్రిక్ గిటార్, స్ట్రాట్ (ఫెండర్ స్ట్రాటోకాస్టర్ తరహా) మోడల్: తీగల కదలికని పట్టి కరెంటు సిగ్నల్‌గా మార్చే సింగిల్ కాయిల్ పికప్‌లు మూడు, ఐదు పొజిషన్ల స్విచ్, ఒక వాల్యూమ్, రెండు టోన్ నాబ్‌లు. కంపెనీ పేరు ఇక్కడ ఎందుకులెండి. హైదరాబాద్‌లో సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాను. మొన్న వానాకాలం వరకు ఏ ఇబ్బందీ లేదు.

ఇప్పుడు గొడవంతా నెక్ పికప్‌తో, అంటే గిటార్ మెడ వైపు ఉన్నదానితో. స్విచ్ ఒకటో పొజిషన్‌లో పెడితే, అంటే బ్రిడ్జ్ దగ్గరి పికప్ ఒక్కటే పలికేటప్పుడు, సౌండ్ బ్రహ్మాండంగా ఉంది. రెండు (బ్రిడ్జ్, మధ్య పికప్‌లు కలిసి) కూడా బాగుంది, పైగా ఆంప్‌లో (యాంప్లిఫయర్‌లో) గుర్రుమనే హమ్ కూడా దాదాపు ఉండదు. మూడు, అంటే మధ్య పికప్, బాగానే పలుకుతుంది గానీ కొంచెం హమ్ ఉంటుంది. నాలుగు (మధ్యది, నెక్ కలవాల్సినది) అచ్చం మూడులాగే ఉంటుంది, అదే సౌండ్, అదే హమ్. కళ్లు మూసుకుని స్విచ్ అటూ ఇటూ తిప్పితే ఏది మూడో ఏది నాలుగో చెప్పలేను. నెక్ ఒక్కటే పలికే ఐదుకి వచ్చేసరికి గిటార్ ఫోన్ స్పీకర్లోంచి వస్తున్నట్టు వినిపిస్తుంది. బేస్ అన్నది లేదు. లావు తీగ కొడితే ప్లెక్ట్రమ్ గీసిన చప్పుడు తప్ప స్వరం దాదాపు రాదు. వాల్యూమ్ కూడా పడిపోయింది. మా పాటల్లో ఒక్కో తీగ మీటుతూ మెల్లగా వాయించే ఆర్పెజియోలన్నీ నెక్ పికప్ మీదే కాబట్టి నాకు ఇది పెద్ద దెబ్బ.

కేబుల్ మార్చి చూశాను, వేరే ఆంప్‌లో పెట్టి చూశాను, కొత్త తీగలు వేశాను. తేడా లేదు. ఊళ్లో ఒక షాపులో చూపిస్తే రెండు నిమిషాలు వాయించి, "మాగ్నెట్ వీక్ అయిపోయింది, సెట్ మొత్తం మార్చాలి" అని ఆరేడు వేలు చెప్పారు. మిగతా రెండు పికప్‌లు బాగానే ఉన్నప్పుడు సెట్ మొత్తం ఎందుకో అర్థం కాలేదు. నా దగ్గర 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్ ఉంది, కేబుళ్లు నేనే బాగుచేసుకుంటాను. పసుపుపచ్చ మల్టీమీటర్ కూడా ఒకటి ఉంది గానీ బ్యాటరీలు చూడటానికి తప్ప వాడలేదు. ఎక్కడ మొదలుపెట్టమంటారు?

బెజవాడ బెండ్స్:

బ్రో, పది కేసుల్లో తొమ్మిది స్విచ్చే. మీది సముద్రం పక్క ఊరు, స్విచ్ కాంటాక్ట్‌లకు చిలుము పట్టి ఉంటుంది. ఐదులో పెట్టి లివర్‌ని నాలుగు వైపు కొద్దిగా, అంటే మారీ మారనంతగా, నొక్కి చూడు. సౌండ్ ఒక్కసారిగా వచ్చి పోతుంటే స్విచ్ దొరికిపోయినట్టే. ఎలక్ట్రానిక్స్ షాపులో కాంటాక్ట్ క్లీనర్ స్ప్రే ఉంటుంది, అది కొట్టి లివర్‌ని ముప్పైనలభై సార్లు అటూ ఇటూ ఆడించు. తలుపు కీచుమంటే కొట్టే స్ప్రే మాత్రం కొట్టకు, దాని జిడ్డు లోపలే ఉండిపోయి దుమ్మంతా పట్టుకుంటుంది.

రేడియో మావయ్య, రాజమండ్రి:

బాబూ, ముందు ఆ ఆరేడు వేలు జేబులోనే ఉంచుకో.

మాగ్నెట్ వీక్ అయిందన్న మాట నేను ఒప్పుకోను. పికప్‌లలో వాడే ఆల్నికో మాగ్నెట్ గానీ సిరామిక్ మాగ్నెట్ గానీ మామూలు వాడకంలో ఒక్క వానాకాలానికి చచ్చే సరుకు కాదు. పెద్ద స్పీకర్ మాగ్నెట్‌కి ఆనించి ఉంచేస్తే ఆల్నికో బలం తగ్గొచ్చు, అంతే. అనుమానంగా ఉంటే చిన్న స్క్రూడ్రైవర్ మొన మూడు పికప్‌ల పోల్స్‌కీ (తీగల కింద కనిపించే లోహపు బొడిపెలకి) ఆనించి చూడు. మూడూ ఒకేలా లాగితే మాగ్నెట్ సంగతి మరిచిపో. పైగా మాగ్నెట్ బలం తగ్గితే మొత్తం సౌండ్ తగ్గుతుంది. బేస్ ఒక్కటీ పోయి గీత చప్పుడు మిగలదు.

ఆ గీత చప్పుడు మిగలడమే ఇక్కడ అసలు ఆనవాలు. పికప్ అంటే ఏముంది, మాగ్నెట్ల చుట్టూ సన్నని రాగి తీగ చుట్టిన కాయిల్. స్ట్రాట్ పికప్‌లో ఆ చుట్లు దాదాపు 8,000 ఉంటాయి. తీగ విప్పి పరిస్తే కిలోమీటర్ దాటుతుంది. అంత తీగలో ఎక్కడో ఒక్కచోట తెగితే సౌండ్ పూర్తిగా ఆగిపోవాలని చాలామంది అనుకుంటారు. ఆగదు. తెగిన తీగ చివర్లు, పక్కపక్కనే ఆనుకుని ఉన్న పొరలు కలిసి ఒక చిన్న కెపాసిటర్‌లా పనిచేస్తాయి. కెపాసిటర్ బేస్‌ని ఆపేస్తుంది, హై ఫ్రీక్వెన్సీని కొద్దిగా జారనిస్తుంది. నువ్వు వింటున్నది ఆ జారిందే. రేడియోలు బాగుచేసే రోజుల నుంచీ నా లెక్క ఒకటే: నోరు సన్నబడిందంటే ఎక్కడో తీగ తెగింది, లేదా సోల్డర్ ఊడి పైపైన ఆనుకుని ఉంది.

అయితే ఆ తెగింది కాయిల్‌లోనా, పికప్ నుంచి వచ్చే వైర్లోనా, స్విచ్‌లోనా అన్నది చెవితో తేలదు. పై అబ్బాయి చెప్పిన లివర్ పరీక్ష మంచిదే, చెయ్యి. ఆ తరువాత మీటర్ తీయి. గిటార్ విప్పక్కర్లేదు.

కేబుల్ ఒక కొస గిటార్‌లో పెట్టు, రెండో కొస ఆంప్‌లో పెట్టకు, బయటే ఉంచు. మీటర్ 20కె (20 కిలో ఓమ్‌ల) రేంజ్‌లో పెట్టి ఎర్ర ప్రోబ్ ప్లగ్ మొనకి, నల్ల ప్రోబ్ ప్లగ్ ఒంటికి ఆనించు. వాల్యూమ్ నాబ్ పూర్తిగా పదిలో ఉండాలి, ఇది మర్చిపోతే లెక్కలన్నీ తప్పొస్తాయి. ఇప్పుడు స్విచ్ ఒకటి నుంచి ఐదు దాకా ఒక్కో పొజిషన్‌లో పెట్టి అంకె కాగితం మీద రాసుకో. సింగిల్ కాయిల్ మామూలుగా 5.5 నుంచి 7 కిలో ఓమ్‌ల మధ్య ఉంటుంది. రెండు పికప్‌లు కలిసే పొజిషన్లలో దాదాపు సగం, అంటే 3 దరిదాపుల్లో రావాలి.

ఐదులో 20కె రేంజ్ మీద ఎడమ పక్క ఉత్త 1 కనిపిస్తే కంగారుపడకు, రేంజ్ దాటిందని అర్థం. అప్పుడు 2000కె రేంజ్‌కి మార్చు. అక్కడ 250కి అటూ ఇటూగా అంకె వస్తే నువ్వు చూస్తున్నది పికప్‌ని కాదు, వాల్యూమ్ పాట్‌ని, అంటే ఆ నాబ్ కింద ఉండే రెసిస్టర్‌ని. సింగిల్ కాయిల్ గిటార్లలో మామూలుగా 250 కిలో ఓమ్‌ల పాట్ వేస్తారు. పికప్ దారి తెగిపోయింది కాబట్టి మీటర్‌కి పాట్ ఒక్కటే కనిపిస్తోందన్నమాట. సున్నా వస్తే దానికి విరుద్ధం, ఏదో వైరు ఎర్త్‌కి తగిలి షార్ట్ అయింది.

ఈ పెద్ద రేంజ్‌లో కొలిచేటప్పుడు రెండు ప్రోబ్‌ల లోహానికీ వేళ్లు తగలనివ్వకు. నీ ఒళ్లు కూడా ఒక రెసిస్టరే, అది కూడా లెక్కలో కలిసిపోతుంది.

తూరంగి తీగలు:

మావయ్యగారూ, చాలా థాంక్సండి. అందరూ "మార్చేయ్" అంటుంటే మీరొక్కరే కొలవమన్నారు.

లివర్ నొక్కి చూశాను, ఐదులో ఏమీ మారలేదు. స్ప్రే కూడా కొట్టాను, నాబ్‌ల గరగర తగ్గింది గానీ ఐదు అలాగే ఉంది. స్క్రూడ్రైవర్ మూడు పికప్‌లకీ ఒకేలా అతుక్కుంటోంది.

మీటర్ అంకెలు ఇవి. ఒకటిలో 6.31. రెండులో 3.07. మూడులో 5.84. నాలుగులో మళ్లీ 5.84. ఐదులో 20కె మీద ఉత్త 1, 2000కెకి మార్చితే 235.

ఫ్రిస్కో కుర్రాడు:

టెక్సాస్ నుంచి. ఊరు గుంటూరు.

మీటర్ తీయకముందే మీ మొదటి పోస్టులోనే సాక్ష్యం ఉందండి. రెండో పొజిషన్‌లో హమ్ ఉండదని, నాలుగులో మాత్రం మూడులాగే ఉంటుందని రాశారు. ఇప్పటి స్ట్రాట్ మోడళ్లలో చాలావాటికి మధ్య పికప్‌ని తిరగేసి చుడతారు, దాని మాగ్నెట్ల దిక్కు కూడా తిరగేసి పెడతారు. తీగల స్వరం విషయంలో రెండు తిరగేతలూ కలిసి చెల్లు అయిపోతాయి, స్వరం మామూలుగానే వస్తుంది. కానీ గోడలోని కరెంటు నుంచి వచ్చే హమ్ మాగ్నెట్‌ని పట్టించుకోదు, కాయిల్‌ని మాత్రమే పట్టుకుంటుంది. అందువల్ల రెండు పికప్‌లు కలిసినప్పుడు రెండు హమ్‌లు ఎదురెదురై ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. మీ గిటార్‌లో రెండో పొజిషన్ నిశ్శబ్దంగా ఉందంటే మధ్యది అలాంటి పికప్పే. నాలుగు కూడా అలాగే ఉండాలి. లేదంటే నాలుగులో నెక్ పికప్ అసలు కలవడం లేదు.

ఒక పక్క మాట. 1954లో స్ట్రాట్ వచ్చినప్పుడు మూడు పొజిషన్ల స్విచ్చే ఉండేది. జనం లివర్‌ని రెండు గుర్తుల మధ్య ఇరికించి ఆ మధ్యరకం సౌండ్లు రాబట్టుకునేవారు. ఫెండర్ వాళ్లే ఐదు పొజిషన్ల స్విచ్ వేసి అమ్మడం మొదలుపెట్టింది 1977లో. ఇక్కడ మాకు హమ్ 60 హెర్ట్జ్, మీకు 50. ఇండియా వెళ్లినప్పుడు ఆంప్ ఆన్ చేయగానే ఆ శ్రుతి తేడా నాకు ఠక్కున తెలిసిపోతుంది, మా ఆవిడ మాత్రం నమ్మదు.

రేడియో మావయ్య, రాజమండ్రి:

ఈ అబ్బాయి చెప్పింది బంగారం లాంటి మాట. నేను మీటర్ పట్టుకుని కూర్చున్నాను గానీ హమ్ కూడా ఒక మీటరే.

అంకెలు చూస్తే: నాలుగులో 3 రావాల్సింది 5.84 వచ్చింది, అంటే మధ్య పికప్ ఒక్కటే ఉంది. ఐదులో 235, అది నీ వాల్యూమ్ పాట్. 250 అని రాసి ఉన్నా పాట్‌లు పదీ ఇరవై శాతం అటూ ఇటూ ఉండటం మామూలే. నెక్ దారి తెగిందని ఖాయం. మిగతా రెండు పికప్‌లూ నిక్షేపంలా ఉన్నాయి, సెట్ మార్చే మాట ఎత్తకు.

ఇక విప్పాలి. తీగలు బాగా వదులు చేసి పిక్‌గార్డ్ (పికప్‌లు బిగించిన పైపలక) చుట్టూ ఉన్న స్క్రూలు తీసి, మెల్లగా పైకెత్తి బోర్లా తిప్పు. జాక్ వైర్లు, బ్రిడ్జ్ స్ప్రింగుల దగ్గర నుంచి వచ్చే ఎర్త్ వైరు లాగి తెంపుకునేవు, జాగ్రత్త. ఏదీ ముట్టుకోకముందు ఫోన్‌తో నాలుగు ఫొటోలు తీసుకో. ఏ వైరు ఎక్కడిదో రేపు గుర్తుండదు.

తరువాత స్విచ్‌ని ఒకటో పొజిషన్‌లో పెట్టు. అప్పుడు నెక్ పికప్ వాల్యూమ్ పాట్ నుంచి విడిపోయి ఒంటరిగా ఉంటుంది. నెక్ నుంచి వచ్చే వైరు స్విచ్ మీద ఏ ట్యాగ్‌కి సోల్డర్ అయిందో అక్కడ ఒక ప్రోబ్, వాల్యూమ్ పాట్ వీపు మీద ఇంకొకటి. 6 దగ్గర వస్తే కాయిల్ బాగుంది, దోషం స్విచ్‌ది, బెజవాడ అబ్బాయి గెలిచాడు. ఏమీ రాకపోతే పికప్ అడుగున ఆ రెండు వైర్లు సోల్డర్ చేసిన రంధ్రాల దగ్గరే నేరుగా కొలువు. అక్కడ 6 వచ్చి స్విచ్ దగ్గర రాకపోతే మధ్యలో వైరు తెగింది, అంతకంటే సుఖం లేదు. అక్కడా రాకపోతే కాయిల్.

కాయిల్ అయినా సరే ఏడవక్కర్లేదు. తీగ లోపల తెగడం కంటే, ఆ సన్నని తీగ కొస రంధ్రం దగ్గర సోల్డర్ అయ్యే చోట తెగడమే ఎక్కువ చూశాను. భూతద్దం, మంచి లైటు పెట్టుకుని అక్కడ చూడు.

బెజవాడ బెండ్స్:

స్విచ్ మీద నాకింకా ఆశ ఉంది.

తూరంగి తీగలు:

బెజవాడ అన్నా, సారీ. స్విచ్ ట్యాగ్ దగ్గర ఏమీ రాలేదు, పికప్ అడుగున రంధ్రాల దగ్గర కూడా ఏమీ రాలేదు. కాయిలే.

పికప్ బయటికి తీసి చూశాను. అడుగున గట్టి అట్టలాంటి నల్ల ముక్క, దానికి రెండు ఇత్తడి రంధ్రాలు. ఒకదాని దగ్గర సోల్డర్ శుభ్రంగా మెరుస్తోంది. రెండోదాని చుట్టూ ఆకుపచ్చ చిలుము, నల్లటి జిగురు. ఇదివరకు ఎవరో ఆ వైరు మార్చారు, సోల్డర్ ముద్దలా ఉంది. ఫోన్ కెమెరా జూమ్ చేస్తే కాయిల్ బయటి పొర నుంచి వచ్చిన తీగ కొస రంధ్రానికి రెండు మిల్లీమీటర్ల దూరంలో గాల్లో ఉంది. పోల్స్ కింద విడిగా మాగ్నెట్ పట్టీ ఏమీ లేదు, పోల్స్ అన్నీ మాగ్నెట్లే.

ఆ తీగ ఎంత సన్నమంటే ఊపిరి తగిలినా కదులుతోంది. దీనికి సోల్డర్ ఎలా పెట్టాలి? మా వీధి చివర మోటార్ వైండింగ్ షాపు ఉంది, ఆయనకి ఇవ్వనా?

భీమవరం వైండింగ్:

ఆగండాగండి. మోటార్ వైండింగ్ అన్నారు కాబట్టి నేను మాట్లాడాలి. నా షాపులో నూటికి తొంభై చెరువుల మీద ఏరియేటర్ మోటార్లే. మేం రోజూ పట్టుకునే తీగ దీనికంటే చాలా లావు. మీ వీధి ఆయన మంచి పనివాడే అయినా, అలవాటైన చేత్తో ఒక్కసారి లాగితే ఇది తెగి కూర్చుంటుంది. మీరే చేసుకోండి, నేను చెబుతాను.

అది తెగడానికి కారణం మీరు రాసిన నల్లటి జిగురులోనే ఉంది. యాసిడ్ ఉండే సోల్డరింగ్ పేస్ట్ వాడి తుడవకుండా వదిలేశారు. లావు వైరుకి అది వాడినా కొన్నాళ్లు ఏమీ అవ్వదు. 0.06 మిల్లీమీటర్ల తీగని మాత్రం, కాకినాడ గాలి తేమ కూడా తోడైతే, మెల్లమెల్లగా తినేస్తుంది. పాత పేస్ట్ అంతా ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో, మెత్తటి బ్రష్‌తో కడగండి. మీరు వాడేది రోజిన్ ఫ్లక్స్ ఉన్న సోల్డర్ అయి ఉండాలి.

సోల్డర్ పెట్టేముందు ఒక పరీక్ష. తీగ మీద కనపడని ఎనామెల్ పూత ఉంటుంది, దాని మీద ప్రోబ్ పెడితే మీటర్ ఏమీ చూపించదు. సన్న ఎమిరీ పేపర్ ముక్కని మడిచి, ఆ తీగ కొసని మధ్యలో పెట్టి, ఒత్తకుండా ఒకటి రెండుసార్లు పైకి లాగండి. రాగి రంగు బయటపడాలి. అక్కడ ఒక ప్రోబ్, బాగున్న రెండో రంధ్రం మీద ఇంకో ప్రోబ్. 6 దరిదాపుల్లో వస్తే లోపల కాయిల్ మొత్తం క్షేమం, తెగింది ఈ రెండు మిల్లీమీటర్లే. రాకపోతే లోపల కూడా ఎక్కడో తెగింది, అప్పుడు మొత్తం మళ్లీ చుట్టాల్సిందే. మీ పికప్‌లో పోల్స్ నేరుగా మాగ్నెట్లు అన్నారు కదా, ఆ రకంలో లోపలి చుట్లు మాగ్నెట్‌కి ఆనుకునే ఉండొచ్చు. మాగ్నెట్ తుప్పు పడితే లోపలి తీగ కూడా పోతుంది. అందుకే పరీక్ష చెయ్యమంటున్నాను.

6 వస్తే ఇలా చెయ్యండి. బయటి నుంచి ఒక్క చుట్టు మాత్రం విప్పండి. 8,000లో ఒక చుట్టు పోతే ఏ చెవికీ తెలియదు. ఆ తీగని నేరుగా రంధ్రానికి బిగించొద్దు. ఫ్లెక్సిబుల్ వైరులోంచి ఒక్క పోగు రాగి తీసి, దాన్ని ముందు రంధ్రానికి సోల్డర్ చేసి, మిగతా కొసని కాయిల్ అంచు దాకా పరిచి టేపు వేసి కదలకుండా చెయ్యండి. అప్పుడు సన్నతీగని ఈ పోగుకి రెండు చుట్లు చుట్టి ఐరన్ ఒక సెకను తగిలించి తీసేయండి. లాగుడు ఏదైనా వస్తే పోగు మీద పడాలి, సన్నతీగ మీద పడకూడదు. చివర్లో దానిమీద కూడా టేపు.

తీగ కొనాల్సి వస్తే ఒక సంగతి గుర్తుంచుకోండి, ఇక్కడ చాలామంది బోల్తాపడతారు. నెట్‌లో అందరూ పికప్ తీగ 42 గేజ్ (తీగ మందం చెప్పే అంకె) అని రాస్తారు. అది అమెరికన్ లెక్క, 0.063 మిల్లీమీటర్లు. మన షాపుల్లో అడిగితే ఇచ్చేది బ్రిటిష్ లెక్క 42, అది 0.1 మిల్లీమీటరు. అది చుడితే సగం చుట్లకే బాబిన్ (తీగ చుట్టే చట్రం) నిండిపోతుంది. మన లెక్కలో 46 గేజ్ అని అడగండి. హైదరాబాద్‌లో అయితే కోఠి గుజరాతీ గల్లీలో, మద్రాసులో అయితే రిచీ స్ట్రీట్‌లో వెతకండి. పాలకొల్లు నుంచి ఒకాయన ఎలక్ట్రిక్ మాండలిన్ పికప్ పట్టుకొచ్చారు, మాండలిన్ శ్రీనివాస్ గారు పుట్టిన ఊరు కదా, అక్కడ ఆ వాద్యం మీద మోజు ఇంకా ఉంది. దానికి ఈ తీగే తెప్పించి చుట్టాను. సంపాదన ఏమీ లేదు గానీ సరదా తీరింది.

ఇంకోటి, అంకెల గురించి. రాగి వేడెక్కితే దాని రెసిస్టెన్స్ పెరుగుతుంది, పది డిగ్రీలకు దాదాపు 4 శాతం. ఏసీ గదిలో 6.0 చూపిన కాయిల్ మే నెల మధ్యాహ్నం 6.4 చూపిస్తుంది. సోల్డర్ పెట్టిన వేడి మీదే కొలిచి కంగారుపడకండి.

రేడియో మావయ్య, రాజమండ్రి:

వైండింగ్ గారూ, ఆ పోగు ఉపాయం నేనూ రాసుకున్నాను. బాబూ, ఒక్క చేర్పు: ఏ వైరు ఏ రంధ్రానికి ఉండేదో ఫొటో చూసి అదే రంధ్రానికి పెట్టు. తారుమారైతే నెక్ ఒంటరిగా బాగానే పలుకుతుంది, కానీ నాలుగులో మధ్యదానితో కలిసేసరికి ఫేజ్ ఎదురై, అంటే రెండు సిగ్నళ్లూ ఒకదాన్నొకటి కొట్టేసుకుని, మళ్లీ సన్నగా, ముక్కుతో పాడినట్టు వస్తుంది. అప్పుడు మళ్లీ కాయిల్ తెగిందనుకుని పిక్‌గార్డ్ విప్పుతావు.

తూరంగి తీగలు:

అయిపోయిందండీ!

ఎమిరీ పరీక్షలో 6.05 వచ్చింది. అప్పటిదాకా చేతులు వణుకుతూనే ఉన్నాయి, ఆ అంకె చూశాక టెన్షన్ పోయింది. పేస్ట్ అంతా కడిగాను, పోగు పెట్టాను, మా చెల్లి టార్చ్ పట్టుకుంటే సన్నతీగ చుట్టాను. జాక్ దగ్గర ఇప్పుడు ఐదులో 5.9, నాలుగులో 2.98. నాలుగులో హమ్ కూడా మాయమైపోయింది, ఫ్రిస్కో గారు చెప్పినట్టే. సౌండ్ ముక్కుతో లేదు, నిండుగా ఉంది.

రెండు ప్రశ్నలు మిగిలాయి. ఒకటి, నెక్ పికప్ తిరిగి బిగించాక పై ఫ్రెట్లలో లావు తీగ వాయిస్తే స్వరం వణుకుతోంది, ట్యూనర్ ముల్లు కూడా నిలవడం లేదు. రెండు, ఇది పికప్‌కి సంబంధించినది కాకపోవచ్చు. చర్చిలో వాయిస్తూ మైక్‌కి పెదవి తగిలితే జిల్లుమంటోంది. తోటి వాయిద్యగాడు ఒకడు, "బ్రిడ్జ్‌కి వెళ్లే ఎర్త్ వైరు కట్ చేసెయ్, షాక్ రాదు" అన్నాడు. ఎలాగూ విప్పాను కదా, కట్ చేసేయనా?

ఫ్రిస్కో కుర్రాడు:

మొదటిది సులువు. పికప్ మరీ పైకి బిగించారు. పోల్స్ మాగ్నెట్లు కాబట్టి తీగని లాగి పట్టుకుంటున్నాయి, అందుకే స్వరం నిలవడం లేదు. ఆఖరి ఫ్రెట్ దగ్గర తీగ నొక్కిపట్టి, పోల్ పైభాగానికీ తీగ అడుగుకీ మధ్య సందు కొలవండి. లావు తీగ వైపు 2 మిల్లీమీటర్లు, సన్నతీగ వైపు 1.6 మిల్లీమీటర్లతో మొదలుపెట్టండి. నెక్ పికప్ అయితే నేను ఇంకొంచెం కిందికే దించుతాను, అక్కడ తీగ ఊపు ఎక్కువ.

రేడియో మావయ్య, రాజమండ్రి:

రెండోదానికి నేను చెబుతాను. ఆ వైరు జోలికి వెళ్లకు. ఆ సలహా ఇచ్చినవాడికి ఈ పోస్టు చూపించు.

తీగలు ముట్టుకుంటే హమ్ తగ్గుతుంది చూడు, అది ఆ వైరు వల్లే. అది కట్ చేస్తే హమ్ పెరుగుతుంది, షాక్ కారణం మాత్రం ఉన్నచోటే ఉంటుంది. గిటార్‌లో షాక్ పుట్టదు బాబూ, అందులో కరెంటే లేదు. నీ తీగలు ఆంప్ ఎర్త్‌కి కలిసి ఉన్నాయి, మైక్ మిక్సర్ ఎర్త్‌కి కలిసి ఉంది. ఆ రెండు ఎర్త్‌లూ ఒకటి కానప్పుడు, లేదా రెండింట్లో ఒకటి అసలు ఎర్త్ కానప్పుడు, నీ చేతికీ పెదవికీ మధ్య వోల్టేజ్ ఉంటుంది. ఇవాళ జిల్లుమంది. ఆంప్ లోపల ఇన్సులేషన్ పాడైన రోజు, ఆ రెండింటి మధ్యలో తడి చెమటతో నువ్వే ఉంటావు.

ఆంప్, మిక్సర్ ఒకే బోర్డు నుంచి తీసుకోండి. ఎక్కడైనా మూడు పిన్నుల ప్లగ్‌ని రెండు పిన్నుల అడాప్టర్‌లో గుచ్చారేమో చూడండి, గుచ్చి ఉంటే తీసి పారేయండి. మీటర్ ఏసీ వోల్ట్స్‌లో పెట్టి ఒక ప్రోబ్ గిటార్ బ్రిడ్జ్‌కి, ఇంకోటి మైక్ జాలీకి ఆనించి చూడు. ప్రోబ్‌ల లోహం ముట్టుకోకు. డిజిటల్ మీటర్ ఒక్కోసారి ఉత్తుత్తి వోల్టేజ్ కూడా చూపిస్తుంది. కానీ పెదవికి తెలిసిందంటే అది ఉత్తుత్తిది కాదు. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి బోర్డు ఎర్త్ చూపించండి, కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ వేయించమనండి. ఆర్కెస్ట్రాకి వెళ్లినప్పుడు ఇంకా జాగ్రత్త. జనరేటర్‌కి ఎర్త్ కడ్డీ పాతారో లేదో అడగకుండా ప్లగ్ పెట్టకు. అడిగితే నవ్వుతారు, నవ్వనీ.

బెజవాడ బెండ్స్:

మావయ్య చెప్పింది నూటికి నూరు. నేను మైక్‌కి స్పాంజి తొడుగు వేసి నెట్టుకొస్తున్నాను. రేపే మా హాల్ బోర్డు చూపిస్తాను.

తూరంగి తీగలు:

ఎర్త్ వైరు ముట్టుకోలేదండి. పికప్ దించాను, వణుకు పోయింది.

చర్చి ఎలక్ట్రీషియన్ వచ్చి చూశాడు. గోడ బోర్డు ఎర్త్ బాగానే ఉంది. స్టేజి మీద ఆంప్‌కి వాడే ఎక్స్‌టెన్షన్ బాక్స్ విప్పితే, మూడో వైరు లోపల స్క్రూకి బిగించనే లేదు, మడిచి పక్కన పెట్టేశారు. బిగించాక బ్రిడ్జ్‌కీ మైక్‌కీ మధ్య మీటర్ సున్నా చూపిస్తోంది. ఆర్‌సీసీబీకి సంఘ పెద్దలు ఒప్పుకున్నారు. ఎవరి దగ్గరైనా ఏది కొంటే మంచిదో తెలిస్తే చెప్పండి.

భీమవరం వైండింగ్:

ఏ మంచి కంపెనీదైనా పర్లేదండి, ఐఎస్ఐ మార్కు చూడండి. బిగించాక దానిమీద ఉండే టెస్ట్ బటన్ నెలకోసారి నొక్కి, స్విచ్ కిందికి పడి కరెంటు ఆగుతుందో లేదో చూసుకోండి. పడకపోతే మార్చేయడమే.